పరుపుల బుడాన్ పాటల మూటలు

మా బుడాన్‌కు ఒకటే పిచ్చి. ఏదైనా నొక్కి చిన్నది చేశాడంటే, దాన్ని మళ్ళీ విప్పి, లోపల ఏమీ పోలేదని చూసుకుంటే తప్ప వాడికి అన్నం ముద్ద గొంతు దిగదు. పరుపైనా సరే, పాటైనా సరే, పక్కింటివాళ్ళు చెప్పి పంపిన కబురైనా సరే.

చిలకలూరిపేటలో హైవే పక్కన, జిన్నింగు మిల్లు గేటుకు ఎదురుగా వాడి పరుపుల కొట్టు. వాళ్ళ తాత దూది ఏకాడు, నాన్న దూది ఏకాడు, వీడు దూది ఏకుతూ పాటలు రికార్డు చేస్తాడు. నేను రోజూ ఉదయం నడక అని చెప్పి ఇంట్లోంచి బయలుదేరి, ఆ కొట్టు దాకా నడిచి, అక్కడ టీ తాగి, ఆటోలో ఇంటికి చేరతాను. కాబట్టి వాడి గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. నేను చెప్పేదాంట్లో సగం నిజం. మిగతా సగం అంతకన్నా నిజం.

ఒకసారి ప్రత్తిపాడు నుంచి ఒకాయన వచ్చి, గుంటూరు హాస్టల్లో చేరుతున్న కూతురి కోసం బూరుగు దూది పరుపు కుట్టించుకున్నాడు. పరుపు ఆటోలో పట్టలేదు. బుడాన్ దాని మీద మోకాళ్ళేసి కూర్చుని, చుట్టి, తాళ్ళతో బిగించి గుమ్మడికాయంత చేశాడు. ఆయన సంతోషంగా ఆటో ఎక్కాడు. పక్కన బుడాన్ కూడా ఎక్కాడు.

"నువ్వెక్కడికయ్యా?"

"గుంటూరండి."

"ఏం పని?"

"పరుపు విప్పాలి కదండీ. మళ్ళీ పొంగుతుందో లేదో చూడాలి."

ఆడపిల్లల హాస్టలు కాబట్టి వార్డెను వాణ్ణి గేటు దగ్గరే ఆపేసింది. వాడు ఎండలో నిలబడి, "అమ్మాయ్, పొంగిందా?" అని అరుస్తూనే ఉన్నాడట. చివరికి మేడ మీది కిటికీలన్నీ తెరుచుకుని, హాస్టలు హాస్టలంతా "పొంగింది అంకుల్!" అని కేకేస్తే అప్పుడు తిరుగు బస్సెక్కాడు.

కబుర్ల సంగతి ఇంకా ఘోరం. మా పళ్ళ డాక్టరు ఊళ్ళో ఉన్నాడో లేడో కనుక్కురమ్మని ఒకసారి వాణ్ణి పంపాను.

"ఉన్నాడట్రా?"

"చెబుతా బాబాయ్. నేను వెళ్ళేటప్పటికి కాంపౌండరు చీపురు పట్టుకుని బల్లిని తరుముతున్నాడు. 'ఏంటన్నా?' అన్నా. 'బల్లి' అన్నాడు. తుమ్మాడు. ఆగి, మళ్ళీ తుమ్మాడు..."

"డాక్టరు ఉన్నాడా, లేడా?"

"అక్కడికే వస్తున్నా. రెండో తుమ్ము అయ్యాక..."

లోపల్నుంచి వాడి భార్య ఖుర్షిదా టీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "లేడంట" అంది.

దేవుడు ఆ ఇంటికి పంపిన మాటలన్నీ మొగుడే వాడేసుకున్నాడు. ఆవిడ భాగానికి ఏవో ఒకటీ అరా మిగిలాయి. కానీ ఆ మిగిలినవే పనికొచ్చేవి.

ఇక పాటలు. పరుపుల కొట్టుకూ పాటలకూ పొత్తేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఒక వాన రోజున భజనలు పాడే ఒకాయన తడవకుండా కొట్టులో దూరాడట. ఊరికే కూర్చోలేక పాట ఎత్తుకున్నాడు. బుడాన్ సరదాకి ఫోనులో రికార్డు చేశాడు. తీరా విని చూస్తే పెద్ద స్టూడియోలో పాడినంత శుభ్రంగా ఉంది. ఉండదూ మరి? నాలుగు పక్కలా పరుపులు, పైన దిళ్ళు, కింద బొంతలు. గొంతు పోయి గోడకు కొట్టుకుని వెనక్కి వద్దామంటే గోడే దొరకదు. హైవే మీది లారీ హారను కూడా ఆ దూదిలో పడి నీరసించిపోతుంది.

ఆ సంగతి పాకిపోయి కోలాటంవాళ్ళు, చర్చి పాటలవాళ్ళు, బుర్రకథ దళాలు రావడం మొదలైంది. ఒక్కటే ఇబ్బంది. తమ వంతు వచ్చేలోపు కళాకారుల్లో సగంమంది పరుపుల మీద నిద్రపోతారు. ఒక తబలా ఆయన్ను దిళ్ళ గుట్టలో మరిచిపోయి దళం వెళ్ళిపోతే, దిళ్ళు కొనడానికి వచ్చిన పెళ్ళివారు ఆయన్ను కూడా కలిపి తీసుకుపోయారని ఊళ్ళో చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే.

పాటలు పెరిగేసరికి వాడి కంప్యూటరు నిండిపోయింది. ఒక మనిషి దగ్గడానికి కూడా అందులో చోటు లేదన్నాడు. నేను వెళ్ళేసరికి తల పట్టుకుని ఉంటాడనుకుంటే, మొహం వెలిగిపోతూ ఉంది.

"మందు దొరికింది బాబాయ్. ఫ్లాక్."

"అదేం మందురా?"

"మందు కాదు, మూట. చూడు, రికార్డు చేసిన పాట మొదట వేవ్ ఫైలుగా ఉంటుంది. అంటే లారీలో వదులుగా పోసిన పత్తి అనుకో. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది గానీ లారీ చాలదు. రోడ్డు మీద కనపడతాయి చూడు, పట్టా కప్పి, రెండు పక్కలా పొట్టలేసుకుని, వెనక బస్సుకి దారివ్వకుండా."

"మరి అందరూ ఎంపీత్రీలు చేసుకుంటారుగా? మా మనవరాలి ఫోను నిండా అవే."

బుడాన్ రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఆ మాట నా కొట్టులో అనకు బాబాయ్. అది మూట కట్టడం కాదు, దూది కాజెయ్యడం. పెద్ద గొంతు పక్కన చిన్న గొంతు ఉందనుకో, 'ఇదెటూ వినపడదులే' అని చిన్నదాన్ని కోసేస్తుంది. ఇదెక్కడి న్యాయం?"

"వినేవాడికి తెలియదుగా?"

"పరుపులోంచి గుప్పెడు దూది తీసేస్తే పడుకునేవాడికీ తెలియదు. కుట్టినవాడికి తెలుసు."

"మరి ఫ్లాకో?"

"ఫ్లాక్ అంటే బేలు. మిల్లులో ప్రెస్సు కింద పెట్టి బిగిస్తారే, అదీ. గాలి పోతుంది, పోగు పోదు. కట్లు తెంచావా, ఎంత పత్తి పెట్టావో అంత పత్తీ పొంగుకుంటూ లేస్తుంది. ఇంచుమించు సగం చోటు మిగిలింది నాకు!"

"ఎక్కడ కొన్నావు?"

"కొనడమేంటి? ఇది చలివేంద్రం లాంటిది బాబాయ్. ఎవరో పుణ్యాత్ములు రాసి అందరికీ వదిలేశారు. ఎవరైనా వచ్చి తాగొచ్చు. కుండ ఎలా చేశారో అడగొచ్చు, చెబుతారు. కావాలంటే ఆ కుండ చూసి మన కుండ మనం చేసుకోవచ్చు."

నేను చిన్నప్పుడు గుంటూరు కాన్వెంటులో చదివినవాణ్ణి. ఏ సిస్టరూ నాకు ఏ పాఠాన్నీ ఇంత తేలిగ్గా ఎక్కించలేదు. బెత్తం లేకుండా అయితే అసలే లేదు.

కానీ పాటను బేలు కట్టి ఊరుకుంటే వాడు బుడాన్ ఎందుకవుతాడు? కట్టిన ప్రతి ఫ్లాకునూ మొదట్నుంచి చివరిదాకా వినాలన్నాడు. తను వింటే చాలదట. "నేను కట్టిన మూటలో తప్పు నాకే కనపడదు బాబాయ్. వేరే చెవులు కావాలి." ఆ వేరే చెవుల్ని ఎదురుగా ఉన్న మిల్లు నుంచి తెచ్చుకున్నాడు.

రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్ళు పొద్దున్నే గేటు బయటికి వస్తారు. జుట్టు నిండా పత్తి నూగు అతుక్కుని, ఒక్క రాత్రిలో అందరూ ముసలమ్మలైపోయినట్టు ఉంటారు. వాళ్ళ ఊళ్ళ వైపు పోయే బస్సు ఎండెక్కితే గాని రాదు. అంతవరకూ మిల్లు గోడ పక్కన దుమ్ములో కూర్చుని, లారీలకు కాళ్ళు ముడుచుకుంటూ కునికిపాట్లు పడేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద కొండమ్మ. గట్టి మనిషి. ఆవిడ మాటంటే మిగతావాళ్ళకు మాట.

బుడాన్ ఆ కొండమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా పాటలు కాస్త విని పెట్టాలి కొండమ్మా. ఏమైనా పోతే చెప్పాలి. కాకపోతే పడుకుని వినాలి. కూర్చుంటే ధ్యాస నడుం మీదికి పోతుంది."

అప్పట్నుంచి రోజూ ఇదే తంతు. కొట్టు వెనక గదిలో కొత్త పరుపులు పరుస్తారు. ఫ్యాను వేస్తారు, తెర దించుతారు. పాట సన్నగా మొదలవుతుంది. పల్లవి పూర్తి కాకముందే లోపల్నుంచి గురక.

"ఒరేయ్, వాళ్ళు నిద్రపోతున్నార్రా."

"వింటున్నారు బాబాయ్."

"గురక నాకు వినపడుతోంది!"

"నిద్రపోయే చెవిని మించిన చెవి లేదు. మిల్లులో అంత మోతలోనూ కునుకు తీస్తారు గానీ, మిషను ఆగిందంటే చటుక్కున లేస్తారు. పాటలో పోగు తెగితే లేవరూ?"

బస్సు వేళకు ఖుర్షిదా టీ పట్టుకెళ్ళి లేపేది. బుడాన్ తెర ఇవతల నిలబడి, పరీక్ష ఫలితం కోసం వచ్చినవాడిలా, "ఏమీ పోలేదుగా?" అని అడిగేవాడు. లోపల కొండమ్మ ఆవులింతను మధ్యలో ఆపి, "ఏం పోలేదన్నా. శుభ్రంగా ఉంది" అనేది. అప్పుడు గాని ఆ పాట బయటికి వెళ్ళేది కాదు.

నాకు కుతూహలం ఎక్కువ. ఈ వయసులో మిగిలిన పళ్ళకన్నా అదే గట్టిగా ఉంది. గుంటూరులో కంప్యూటర్లు చదువుతున్న మా మనవరాలు శ్రీదివ్యకు ఫోను చేశాను.

"వినడమెందుకు తాతయ్యా? ఆ ప్రోగ్రామే చూసుకుంటుందిగా. అసలు పాటకు ఒక గుర్తు కట్టి ఫైల్లోనే దాస్తుంది. విప్పి, ఆ గుర్తుతో సరిపోయిందో లేదో అదే చెప్పేస్తుంది. రెప్పపాటు పని."

"పాపం, మన బుడాన్‌కు తెలియదేమో."

"తెలియకపోవడమేంటి? పోయినసారి నేనొచ్చినప్పుడు అది చేసి చూపించిందే ఆయన!"

మర్నాడు నేను టీ గ్లాసు అడ్డం పెట్టుకుని వాడి కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నాను. నిజమే. పాట బేలు కట్టాడు. ఒక మీట నొక్కాడు. అంతా సరిగ్గా ఉందని తెర మీద పడింది. వాడు తృప్తిగా తలూపాడు. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి, మొహం నిండా దిగులు పులుముకుని, "కొండమ్మా! కాస్త రావాలమ్మా, ఇందులో ఏం పోయిందో ఏంటో!" అని కేకేశాడు.

నేను ఖుర్షిదా వైపు తిరిగాను. "ఏంటమ్మా ఈ నాటకం?"

ఆవిడ వెనక గది తెర వైపు చూసి, గొంతు తగ్గించి, "ఊరికే పడుకోమంటే పడుకోరు" అంది.

ఆవిడ నాతో ఒక్కసారిగా అన్ని మాటలు అనడం అదే మొదలు. మిగతాది నాకే అర్థమైంది. ఎందుకంటే ఈ పాటల పని మొదలవక ముందు ఒకరోజు, "లోపలికొచ్చి కాసేపు నడుం వాల్చమ్మా" అని బుడాన్ అడగడమూ, "వాలడానికి మేమేమన్నా జబ్బు మనుషులమా అన్నా? పని చెప్పు, చేస్తాం. దయ చూపించబాకు" అని కొండమ్మ కసురుకోవడమూ నేను కళ్ళారా చూసినవే. అందుకని వాడు పని పుట్టించాడు. ప్రపంచంలో పడుకుని చేసే పని ఏదైనా ఉందా అని ఎన్నాళ్ళు ఆలోచించాడో గాని, పట్టుకున్నాడు.

అంతా సాఫీగా పోతున్న రోజుల్లో ఇమ్మానియేలు గారు వచ్చి పడ్డారు. ఆయన బుర్రకథ దళం నాయకుడు. ఆయన గొంతెత్తితే గోడౌనులో బేళ్ళు వాటంతటవే తెగి పొంగుతాయి. వారం క్రితం బుడాన్ దగ్గర బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ రికార్డు చేయించి, ఒంగోలులో జరిగే పోటీకి పంపమన్నారు. మధ్యాహ్నంతో గడువు అయిపోతుందనగా కొట్టుకు వచ్చారు.

"బుడానూ! పంపావా?"

"వింటున్నారండి. అవగానే..."

"ఎవరు వింటున్నారయ్యా?" అంటూ ఆయన మేం ఆపేలోపు తెర లాగేశారు.

లోపల ఆయన గొంతే సన్నగా వినపడుతోంది. ఆ గొంతు కింద, వరసగా పరుపుల మీద, ఆడవాళ్ళంతా ఒళ్ళెరగని నిద్రలో ఉన్నారు. కళాకారుడి గుండె పగిలింది.

"నా కథకి నిద్రపోతున్నారా! కొడుకు ఆకలికి తాళలేక పందుల పొట్టు తినే ఘట్టమయ్యా అది! రాళ్ళు కరుగుతాయి!"

"రాళ్ళు వేరండి. వీళ్ళు రాత్రి షిఫ్టు చేశారు," అన్నాడు బుడాన్.

ఆ కేకకు అందరూ లేచి కూర్చున్నారు. ఇమ్మానియేలు గారు ఆగలేదు. "అసలు ఈ వినడాలెందుకు? మా అబ్బాయి మార్క్ చెప్పాడు నాకు. కంప్యూటరే చూసుకుంటుందట. మనుషులు వినే పనే లేదట! మరి వీళ్ళ చేత ఎందుకు..."

కొండమ్మ జుట్టు ముడేసుకుంటూ బుడాన్ వైపు చూసింది. జీవితంలో ఏ ముక్కా వదలని మనిషికి ఆ క్షణాన ఒక్క ముక్క దొరకలేదు. ఇది దయ అని కొండమ్మకు తెలిసిందంటే రేపట్నుంచి మళ్ళీ ఆ గోడా, ఆ దుమ్మే. ఒక్కరు కూడా ఈ గుమ్మం తొక్కరు.

అబద్ధాలాడే మనిషి ఊళ్ళో ఎందుకుండాలో అలాంటప్పుడు తెలుస్తుంది.

"ఇమ్మానియేలు గారూ," అన్నాను, "తమరు కాన్వెంటులో చదివారా?"

"లేదండి."

"అదీ సంగతి. మా మదర్‌గారు పెద్దావిడ. సాయంత్రం మేం జపమాల చెబుతుంటే కుర్చీలో గురక పెట్టి నిద్రపోయేది. ఒకరోజు ఆటకు పోవాలన్న తొందరలో ఒక్క పూస ఎగ్గొట్టాం. గురక ఆగిపోయింది. ఒక కన్ను తెరుచుకుంది. 'ఒకటి తగ్గింది' అని మళ్ళీ కన్ను మూసుకుంది. తర్వాత రోమ్ నుంచి డాక్టర్లు ఓడలో వచ్చి ఆవిడ చెవిని కొలుచుకుని పోయారు. మెలకువలో ఉన్న చెవి తనకు కావలసిందే వింటుందట, నిద్రపోయే చెవి అన్నీ వింటుందట. ఇవాళ పెద్ద పెద్ద స్టూడియోలన్నీ చేసేది ఇదే. కాకపోతే వాళ్ళకు ఇంత మంచి పరుపులు లేవు."

"అయితే మార్క్..."

"మార్క్ చెప్పింది నిజమే. పోగు పోయిందా లేదా కంప్యూటరు చెబుతుంది. మీరెక్కడైనా శ్రుతి తప్పారా అని చెబుతుందా? తప్పి ఉంటే వీళ్ళు లేచి కూర్చునేవాళ్ళు."

ఇమ్మానియేలు గారు ఆలోచనలో పడ్డారు. కొండమ్మ వైపు తిరిగారు.

"ఏమ్మా, మొదట్నుంచి ఒక్కసారి కూడా లేవలేదా?"

"మీరు అరిచేదాకా లేవలేదయ్యా," అంది కొండమ్మ.

ఆయన ఛాతీ గది పట్టనంత పొంగింది. "విన్నావా బుడానూ! కథ మొత్తంలో ఒక్కచోట కూడా లేవలేదట! పంపెయ్యి!" అంటూ కొండమ్మకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు.

బుడాన్ ఫైలు పంపి, వెనక్కి తిరక్కుండానే, "ఏమీ... పోలేదుగా కొండమ్మా?" అన్నాడు.

ఆవిడ టీ గ్లాసు కడిగి బోర్లించింది. "ఏం పోలేదన్నా," అని అప్పుడు చెప్పి బయటికి నడిచింది.

అంత తాపీగా చెప్పడం నాకు నచ్చలేదు. ఆటో దాకా అని చెప్పి ఆవిడ పక్కనే నడిచాను.

"పెద్దయ్యా, ఆ మదరమ్మ కథ నిజమేనా?"

"సగం."

"బలే చెప్పారు. నేనైతే హడలిపోయాననుకోండి, ఆయనెక్కడ అంతా బయటపెట్టేస్తాడోనని."

"ఏం బయటపెడతాడని?"

"అదే, కంప్యూటరే చూసుకుంటదని. కాలేజీలో చదివే మా అమ్మాయి జెస్సీ ఎప్పుడో చెప్పింది నాకు."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. వెనక మోటారు సైకిలువాడు నన్నూ మా పెద్దల్నీ కలిపి ఏదో అన్నాడు.

"తెలిసే వచ్చి పడుకుంటున్నారా?"

"ఏం చెయ్యమంటారు? బుడానన్న దేవుడిలాంటోడు. కానీ ఆ పిచ్చి ఒకటుందిగా. ఎవరన్నా విని బాగుందని చెప్పకపోతే అన్నం సయించదంట, ఖుర్షిదమ్మే చెప్పింది నాకు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. మా ఆడోళ్ళందరం అనుకున్నాం. పోనీలే, మనం కాసేపు కళ్ళు మూసుకుంటే ఒక మనిషి కడుపు నిండుతుందంటే మన సొమ్మేం పోయింది అని. అలిసిపోయినా మానం." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయనకి మాత్రం తెలియనీయబాకండి పెద్దయ్యా. మేం జాలిపడి వస్తున్నామంటే నామోషీ పడతాడు."

బస్సు వచ్చింది. ఆవిడ దర్జాగా, ఒక ఉపకారం చేసిన మనిషి ఎక్కినట్టు ఎక్కి వెళ్ళిపోయింది.

నేను ఆటో మానుకుని వెనక్కి నడిచాను. బుడాన్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏమంది బాబాయ్? కనిపెట్టేసిందా? ఏమందో మొత్తం చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

వాడి భుజం మీదుగా లోపలికి చూశాను. కళ్ళనీళ్ళు పెట్టుకునే రకంలా ఏమాత్రం కనపడని ఖుర్షిదా, తల ఎత్తకుండా టీ వడకడుతోంది.

"రేపు వస్తానంది," అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"బస్టాపు దాకా అంతసేపు నడిచి అంతేనా!"

ఖుర్షిదా గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. తాగి చూస్తే, డాక్టరు వద్దన్న చక్కెర అందులో రెండింతలు ఉంది.